ఆంగ్లభాషలోని యపశబ్దములు – దిద్దుబాటునకుఁ బ్రమాణము

ఇంగ్లీషు మాటాడువారి నోటను, వ్రాయువారి కలమునను దినదినమును గనఁబడు తప్పులు కొన్ని కలవు. "ఫ్యూవర్" అనవలసినచోట "లెస్" అనుట, "హూమ్" అనవలసినచోట "హూ" అనుట, తుమర్థకమగు "టు" శబ్దమునకును ధాతువునకును నడుమఁ గ్రియావిశేషణమును జొనుపుట, విభక్త్యర్థకమగు నవ్యయమును వాక్యాంతమున విడుచుట, ఏకవచనార్థమున "దే" యనుట, ఒక్క నిషేధమునకే రెండు నిషేధపదములు వాడుట, షష్ఠీరూపమగు "ఇట్స్" అనుదానికి అపాస్ట్రఫీ తగిలించుట మొదలగునవి యట్టివి. ఇట్టివి కంటఁబడినంతనే యెఱ్ఱసిరా కలము చేతఁ బట్టువా రొక వర్గము. భావము తెలిసినఁ జాలును, దిద్దుబాటు వృథాశ్రమ మనువారు వేఱొక వర్గము. ఈ వాదము రెండువందల యేఁబదియేండ్లకుఁ బైఁబడి సాగుచున్నది. తమ మతమునకుఁ బ్రమాణ మిది యని యిరువర్గములవారును దిన్నగాఁ జూపకపోవుటచేతనే యది తెగకున్నది. కావున నిందుఁ బ్రమాణవిచారము చేయఁబడుచున్నది.

వ్యాకరణమునకుఁ బని యేమి యని ముందు నిశ్చయింపవలయును. కుండ కావలసినవాఁడు కుమ్మరిని జేరి చేయించుకొనును గాని, మాట కావలసినవాఁడు వైయాకరణుని జేరి చేయించుకొనఁ డని మహాభాష్యమునఁ బతంజలి చూపిన దృష్టాంతము ప్రసిద్ధము. శబ్దము లోకమున ముందే సిద్ధమై యున్నది; శాస్త్రము దానిని వివరించును. లక్ష్యము ముందు, లక్షణము వెనుక. లక్ష్యమున లేని నియమమును లక్షణమున నుంచువాఁడు శబ్దానుశాసనము చేయుటలేదు, కుమ్మరిపని చేయుచున్నాఁడు. అయినను లోకమున వినఁబడు శబ్దము లన్నియు సాధువులే యని పతంజలి చెప్పలేదు. గోశబ్ద మొక్కటి సాధువు కాఁగా గావీ, గోణీ, గోతా, గోపోతలికా మొదలగునవి దాని యపభ్రంశములని లెక్కించెను. వీనివలనను నర్థము బోధపడు నని యొప్పుకొనియే, సాధుశబ్దప్రయోగమునకు ధర్మరూపమగు ఫలమును జెప్పెను. కావున లక్ష్యమే ప్రమాణ మనుట యొకటి, అర్థబోధ మొక్కటియే సాధుత్వమునకు హేతువు కాదనుట రెండు. ఈ రెండు మాటలును ఇంగ్లీషు వివాదమున నిరుపక్షములవారికిని సమాధానము చెప్పఁజాలి యున్నవి.

ఇంగ్లీషువారికిఁ బాణిని లేఁడు. ఫ్రెంచివారు 1635లో రాజాజ్ఞచే భాషాపరిషత్తును నెలకొల్పుకొనిరి. అట్టిదే యింగ్లండునను గావలయు నని జొనాథన్ స్విఫ్ట్ 1712లో ఆక్స్‌ఫర్డు ప్రభువునకు విజ్ఞాపనలేఖను బ్రకటించెను గాని యది నెఱవేఱలేదు. శామ్యూల్ జాన్సన్ 1755లోఁ దన నిఘంటువును బ్రకటించుచు, భాషను గదలనీక నిలుపఁగలమను తొలియాస వ్యర్థమైన దని పీఠికయం దొప్పుకొనెను. పరిషత్తు లేని యా శూన్యస్థానమున వచ్చి నిలిచినవారు పాఠశాలలకై వ్యాకరణములు వ్రాసినవారు. వారిలో ముఖ్యుఁడు రాబర్ట్ లౌత్.

లౌత్ సామాన్యపండితుఁడు కాఁడు. ఆక్స్‌ఫర్డునఁ గవిత్వాచార్యుఁడై హీబ్రూకవిత్వమునుగూర్చి యుపన్యసించి కీర్తిఁ గాంచినవాఁడు. పిదప లండనునకు బిషప్పయ్యెను. 1762లోఁ దన పేరు వేయక ప్రకటించిన చిన్న వ్యాకరణమునకు విశేషప్రచారము కలిగెను. అందలి విశేష మడుగుజ్ఞాపికలు. షేక్‌స్పియరు, మిల్టను, ఆడిసను, పోపు, స్విఫ్టు, తుదకు 1611 నాఁటి బైబిలనువాదము సయితము అందుఁ దప్పుల కుదాహరణములై నిలిచినవి. శిష్టుల గ్రంథములనుండి సాధురూపముల నెత్తి చూపుట వైయాకరణుల మార్గము; లౌత్ వారినుండి యసాధురూపముల నెత్తి చూపెను. ఇచట నొక ప్రశ్నము పుట్టుచున్నది. ఆ కవులు శిష్టులు కాకున్న శిష్టు లెవ్వరు? వారి ప్రయోగము ప్రమాణము కాకున్న నియమ మెచ్చటినుండి వచ్చినది? భాషలన్నిటికిని సామాన్యమగు వ్యాకరణన్యాయమునుండి యని లౌత్ తాత్పర్యము. యుక్తి భాషావిచారమున సహాయమే కాని ప్రయోగమున కెదురు నిలువఁజాలదు. జోసెఫ్ ప్రీస్ట్లీ, ప్రాణవాయువును గనిపెట్టినవారిలో నొకఁడుగాఁ దరువాతఁ బ్రసిద్ధి కెక్కినవాఁడు, 1761లోనే తన వ్యాకరణమున వ్యవహారమునకుఁ బ్రాముఖ్య మిచ్చియుండెను. బడులు మాత్రము ప్రీస్ట్లీని విడిచి లౌత్ త్రోవను బట్టినవి. ఏలయన, బడిపంతులునకు వివరణముకంటె నిషేధమే సులభసాధనము.

అయినను లౌత్‌నకు న్యాయము చేయవలసియున్నది. "విత్", "టు", "ఆఫ్" మొదలగు నవ్యయములను వాక్యాంతమున విడువరాదను నియమము లౌత్ కల్పన యని పలువు రనుకొందురు. అది నిజము కాదు. అంతకుముందే 1672లో జాన్ డ్రైడను బెన్ జాన్సను నాటకమునందలి యట్టి ప్రయోగమును దోష మనెను; అదే దోషము తన రచనలందును గలదని కని, పూర్వగ్రంథమును 1684లో మఱల ముద్రించునప్పు డట్టి వాక్యములను దిద్దుకొనెను. లౌత్ చెప్పిన దింతమాత్రమే: ఇది యింగ్లీషునకు సహజమగు పలుకుబడి, సంభాషణమునకుఁ దగినది, గంభీరరచనమున నవ్యయమును ముందుంచుట సొంపు. ఆ మాటఁ జెప్పు వాక్యమునే యాతఁ డవ్యయముతో ముగించి చమత్కరించెను. అమెరికాలోఁ బుట్టి, న్యాయవాదవృత్తిని విడిచి, యింగ్లండునందలి యార్కు నగరముకడ స్థిరపడిన లిండ్లీ మర్రే యచటి బాలికాపాఠశాలకై వ్రాసి 1795లోఁ బ్రకటించిన వ్యాకరణమున నా వాక్యమునే గ్రహించి, తుదినున్న యవ్యయమును ముందునకు మార్చెను. గురువు చమత్కారము శిష్యునికి దోషమై కనఁబడినది. ఒకని రుచి రెండవవానికి సలహా యయ్యెను, మూఁడవవానికి విధి యయ్యెను, నాలవవాని చేత బెత్త మయ్యెను. కల్పితదోషము పుట్టు విధ మిది.

"లెస్", "ఫ్యూవర్" అను శబ్దముల కథయు నిట్టిదే. లెక్కింపఁదగిన వస్తువులకు "ఫ్యూవర్" అనియు, లెక్కింపరానివానికి "లెస్" అనియు వాడవలయు నని నియమము చెప్పుదురు. రాబర్ట్ బేకర్ 1770లోఁ బ్రకటించిన గ్రంథమున, నూఱు మొదలగు సంఖ్యలయెడ "ఫ్యూవర్" అనుట సొంపుగను యుక్తముగను దనకుఁ దోఁచుచున్న దని వ్రాసెను. అది రుచిని దెలుపుటయే కాని విధి కాదు. తొమ్మిదవ శతాబ్దియందలి ఆల్ఫ్రెడ్ రాజునాఁటి ప్రాచీనాంగ్లముననే "లెస్" శబ్దపు పూర్వరూపము లెక్కింపఁదగిన వానికిఁ బ్రయుక్తమై యున్నది. వేయియేండ్ల ప్రయోగమును ఒక తట్టలోను, ఒకని రుచిని వేఱొక తట్టలోను ఉంచి తూఁచినచోఁ ద్రాసుముల్లెటు మొగ్గునో చెప్ప నక్కఱలేదు. అయినను 2008లో బ్రిటనునందలి టెస్కో యను పెద్ద యంగడిసంస్థవారు, కొలఁది వస్తువులు కొన్నవారి వరుసకుఁ గట్టిన ఫలకలమీఁది "లెస్" అను మాటనుగూర్చిన యాక్షేపణములు మానుపుటకై, "పది వస్తువులవఱకు" అను నర్థ మిచ్చు వేఱు మాటలను వేయించిరి. ఇందుఁ దప్పు దిద్దఁబడలేదు, తగవు తప్పింపఁబడినది.

తుమర్థకమును జీల్చరాదను నియమము మఱింత యర్వాచీనము. లౌత్ వ్యాకరణమున నిది లేదు. చీల్చిన ప్రయోగములు పదునాలవ శతాబ్దినాఁటికే కలవు. వీనిపై నాక్షేపణము 1834లో నమెరికాపత్రిక యొకదాన పేరు తెలుపని లేఖగాఁ గనఁబడినది. 1864లోఁ గాంటర్‌బరీ డీను హెన్రీ ఆల్ఫర్డు దానిని బలపఱచెను. లాటినునఁ దుమర్థక మేకపదము, దానిని జీల్చుట కాదు, కావున నింగ్లీషునను జీల్చరా దని తరువాతివారు హేతువు చెప్పిరి. ఒక భాషయందు సాధ్యము కానిదానిని వేఱొక భాషయందు నిషిద్ధ మనుట యే శాస్త్రమున కొప్పును? సంస్కృతమున ద్వివచనము కలదు గనుకఁ దెలుఁగునఁ గన్నులు, చేతులు అనుట దోష మన్నవానినిఁ జూచి నవ్వనివారుందురా? హెచ్. డబ్ల్యూ. ఫౌలరు 1926 నాఁటి తన ప్రయోగనిఘంటువున నీ నియమముపట్ల లోకు లైదు తెగలుగా నున్నా రని విభజించి, దీని నెఱుఁగక, లెక్కగొనక యుండు తొలితెగవారే సుఖు లని పరిహసించెను.

ఈ భీతి యెంతదూరము ప్రాఁకునో తెలుపు నుదాహరణ మొకటి కలదు. 2009 జనవరి 20వ తేదిని బరాక్ ఒబామాచేఁ బదవీప్రమాణము చేయించుచు నమెరికా ప్రధానన్యాయమూర్తి జాన్ రాబర్ట్స్, రాజ్యాంగమునఁ గ్రియాపదముల నడుమ నున్న "ఫెయిత్‌ఫుల్లీ" యను విశేషణమును వాక్యము తుదికిఁ దీసికొనిపోయెను. శంకకుఁ దావు లేకుండుటకై మఱునాఁడు ప్రమాణమును మఱలఁ జేయించిరి. క్రియాపదములను జీల్చరాదను పాఠశాలాసంస్కారమే యిందులకుఁ గారణమై యుండు నని భాషాశాస్త్రజ్ఞుఁడు స్టీవెన్ పింకర్ ఊహించెను. ఆ యూహ నిజమైనఁ గాకున్నను, సిద్ధమగు మంత్రమున మాట కదలిన నేమగునో యది చాటుచున్నది.

ఏకవచనార్థకమగు "దే" పదునాలవ శతాబ్దినుండి వాడుకలో నున్నది. షేక్‌స్పియరును, జేన్ ఆస్టెనును వాడిరి. దానిని దోష మన్నవారు పుంలింగమగు "హీ" శబ్దమే స్త్రీలకును వర్తించు ననిరి. 1850లో బ్రిటిషు పార్లమెంటు చట్టముల యర్థనిర్ణయమునకై చేసిన శాసనమునఁ బుంలింగపదములు స్త్రీలకును వర్తించు నని విధించెను. వచనభేదమును సహింపనివారు లింగభేదమును సహించుట వింత. ఏకవచనమునకు బహువచనరూపము రారాదన్నచో "యూ" శబ్దముపైఁ దొలుత నాక్షేపింపవలయును. అదియు మొదట బహువచనమే. గౌరవముకొఱకు వచ్చి, ఏకవచనమగు "దౌ" శబ్దమును మూలకుఁ ద్రోసినది. "మీరు" అను గౌరవబహువచన మెఱిఁగిన తెలుఁగువారి కిందు వింత లేదు. 2019లో మెరియమ్-వెబ్‌స్టరు నిఘంటువువారు "దే"ను ఆ వత్సరపు మాటగా నెన్నిరి. అమెరికా మనశ్శాస్త్రసంఘమువారు నా యేఁటనే తమ రచనావిధిగ్రంథమున దానిని సాధువుగా గ్రహించిరి.

దిద్దుబాటువలనఁ బుట్టు దోషములును గలవు. ఇంగ్లీషున నామవాచకములకు విభక్తిరూపములు చాలవఱకు నశించినవి. సర్వనామములం దవి మిగిలి యున్నవి. అందు "హూమ్" అనునది క్షీణించుచున్న దనియు, కొన్ని శతాబ్దములలో నది ప్రశ్నవాక్యాదిని వినఁబడ దనియు ఎడ్వర్డ్ సపీర్ 1921లో వ్రాసెను. చావనున్న రూపమును బెత్తముతో బ్రతికింపఁబోఁగా, దాని తావు తెలియని బాలురు కర్తృస్థానమునఁ గూడ "హూమ్" పెట్టఁజొచ్చిరి. "మీ" యనుట మోటు అని పదేపదే చెప్పఁగా, "బిట్వీన్ యూ అండ్ ఐ" యని విభక్తి తప్పి పలుకువారు పుట్టిరి. రోగము లేనిచోట నిచ్చిన మందు రోగమును దెచ్చె ననుట కింతకంటె నిదర్శన మేల?

ఇంతవఱకుఁ జెప్పినవి వినోదకథలవలెఁ దోఁపవచ్చును. రెండు నిషేధముల విషయము మాత్రము వినోదము కాదు. నఞ్‌ద్వయము ప్రకృతార్థమును దెలుపునను న్యాయము సంస్కృతమునఁ గలదు. లౌత్ మొదలగువా రింగ్లీషునకు నదియే చెప్పిరి. కాని చాసర్ మొదలగు ప్రాచీనులు నిషేధమును దృఢపఱచుటకై రెండు మూఁడు నిషేధపదములను గూర్చిరి. స్పానిషునం దట్టి కూర్పు నేఁటికిని సాధువు. ఇంగ్లండునందలి పెక్కు ప్రాంతముల వాడుకయందును, అమెరికాయందలి నల్లజాతివారి వాడుకయందును అది నియతముగా నున్నది. నియత మనఁగా నెచ్చటఁ గూర్పవలయునో యెచ్చటఁ గూర్పరాదో తెలుపు సూత్రము లా వాడుకకుఁ గల వని యర్థము. విలియం లబోవ్ 1969 నాఁటి వ్యాసమున దానిలోఁ దర్కలోప మేమియు లేదని నిరూపించెను. అట్టి యింటినుండి వచ్చిన బాలుఁడు నోరు విప్పినతోడనే నీకుఁ దర్కము రాదని దిద్దినచో, తప్పు బాలునిది కాదు. 1979లో మిషిగన్ రాష్ట్రపు ఆన్ ఆర్బర్ పట్టణమునఁ బిల్లల పక్షమున నడచిన వ్యాజ్యమున ఫెడరలు న్యాయస్థానము, ప్రామాణికాంగ్లమునఁ జదువు నేర్పునప్పుడు పిల్లల యింటివాడుకను బాఠశాలవారు లెక్కలోనికిఁ దీసికొనవలయు నని తీర్పు చెప్పెను. ప్రామాణికాంగ్లమును నేర్పవల దని యా తీర్పు చెప్పలేదు. ఇంటిమాటను గుర్తించి బడిమాటను నేర్పుమనినది. దిద్దుట వేఱు, నేర్పుట వేఱు.

ఇంతమాత్రమున దిద్దుబాటు వలదనువారు గెలిచి రని తలంపరాదు. త్వష్ట ఇంద్రుని సంహరించు పుత్రుని గోరి హోమము చేయుచు "ఇంద్రశత్రు" శబ్దమున స్వరము తప్పెను. తత్పురుషము కావలసినచోట బహువ్రీహి వచ్చెను; ఇంద్రుని జంపవలసినవాఁ డింద్రునిచేఁ జచ్చెను. ఈ కథ వేదకాలముతోఁ దీఱలేదు. అమెరికాయందలి మెయిన్ రాష్ట్రపు చట్టమున నధికకాలపుఁ గూలి యియ్య నక్కఱలేని పనుల పట్టిక యొకటి కలదు. ఆహారవస్తువులను డబ్బాలకెత్తుట, ఎండఁబెట్టుట, నిలువ చేయుట మొదలగు పనులు వరుసగాఁ జెప్పి, తుదిని ఎగుమతికిఁ గాని పంపిణీకిఁ గాని మూటకట్టుట యను భావమున నప్పుడు కొన్ని పదము లుండెను. "పంపిణీ"కి ముందు కామా యున్నచో నది వేఱు పని యగును. లేనిచో మూటకట్టుట యొక్కటియే పని యగును. పాలబండ్లు నడుపువారు పంపిణీ చేయుదురు గాని మూటకట్టరు. కామా లేదు గనుక నధికకూలి తమకు రావలయు నని వారు వాదించిరి. 2017 మార్చిలో ఫెడరలు అప్పీలు న్యాయస్థానము వాక్యము సందిగ్ధ మని నిర్ణయించి, సందేహమును బనివారికి ననుకూలముగాఁ దీర్పవలయునను రాష్ట్రన్యాయము ననుసరించి వారి పక్షమునఁ దీర్పు చెప్పెను. 2018లో ఓక్‌హర్స్ట్ డెయిరీ యను నా సంస్థ 50 లక్షల డాలర్లిచ్చి రాజీపడెను. ఒక్క కామా వెల యిది. వ్యాకరణప్రయోజనములలో అసందేహమును భాష్యకారుఁ డేల చేర్చెనో యా బండివారికిఁ దెలిసినంతగాఁ బండితులకుఁ దెలియకపోవచ్చును.

వాడుకయే ప్రమాణ మనువారి మతమున వేఱొక లోపము కలదు. 1961లో వెబ్‌స్టరు మూఁడవ మహానిఘంటువు వెలువడి, లోకమున నున్న మాటల నున్నట్లు గ్రహింపఁగా, నది భాషాధర్మమును విడిచిన దని పత్రికలు ఘోషించినవి. నిఘంటుకారులు తమ పనిని దాము చేసిరి. అందు నిందింపఁదగిన దేమియు లేదు. కాని యిట్టి గ్రంథములను జూపి యెట్లు వ్రాసినను నొకటియే యని బోధించువారు తమ వ్యాసములను మాత్రము సర్వనియమబద్ధముగా వ్రాసి, యచ్చుచిత్తులు రెండుమాఱులు దిద్దించి ప్రకటించుచున్నారు. తాము మెట్లెక్కి నిలిచి, క్రిందనున్నవానితో మెట్లక్కఱలేదనుట న్యాయము కాదు. ఉద్యోగమునకు విన్నపము వ్రాసికొనువానికి, పైచదువునకుఁ బరీక్ష వ్రాయువానికి, పరదేశమున బ్రతుకఁబోవువానికి ప్రామాణికరూపము సోపానము. ఇంగ్లీషున సాధుశబ్దమునకు స్వర్గము ఫలముగాఁ జెప్పఁబడలేదు గాని యన్నము ఫలముగా నున్నది. ఆ ఫల మన్యాయముగా నేర్పడినదే కావచ్చును. అట్లయినను దానిని గోరువానికి మార్గము చూపకుండుట దయ కాదు.

ఇఁక సిద్ధాంతము. మహాభాష్యమున నొక సూతునికిని వైయాకరణునికిని సంవాదము కలదు. ఈ రథమునకుఁ బ్రవేత యెవఁడని వైయాకరణుఁ డడుగఁగా, ప్రాజితను నే నని సూతుఁడు బదులు చెప్పెను. అది యపశబ్ద మని వైయాకరణుఁ డనఁగా, నీకు సూత్రము ప్రాప్తించుచోటు తెలియును గాని యిష్టమగు రూపము తెలియ దని సూతుఁడు తిప్పికొట్టెను. కోపించిన వైయాకరణుఁడు తిట్టఁబోయి తిట్టుమాటనే తప్పుగాఁ గల్పింపఁగా, సూతుఁ డా వ్యుత్పత్తిని గూడ సవరించెను. వ్యాకరణశాస్త్రమునకుఁ దలమానికమైన గ్రంథమే యీ యోటమిని దాఁచక చెప్పుట గమనింపవలయును. దిద్దుటకు ముందు ప్రయోగము నెఱుఁగుమని దాని బోధ. లౌత్ అడుగుజ్ఞాపికలకుఁ గావలసిన పాఠ మిది.

వేఱొకచోట యర్వాణస్తర్వాణు లను ఋషుల కథ కలదు. వారు నిత్యవ్యవహారమున "యద్వా నః, తద్వా నః" అనవలసినచోట "యర్వాణః, తర్వాణః" అని పలుకువారు. యజ్ఞకర్మమున మాత్ర మపశబ్ద మాడరు. అసురులు యజ్ఞమున సయితము తప్పి పలికి పరాభవము నొందిరి. పరమజ్ఞానులకే యింటిమాట యొకటి, యజ్ఞపుమాట యొకటి యై యున్నప్పుడు సామాన్యులను ఇంటిమాటకై దండించుట యెట్లు? యజ్ఞమున నసురులవలెఁ బలుకుమని చెప్పుట మాత్ర మెట్లు? స్థానభేదముచే దోషభేద మని యీ కథ తేల్చుచున్నది.

దీనినిబట్టి యింగ్లీషునఁ దప్పులనఁబడునవి యైదు విధములుగా విడఁదీయవచ్చును. మొదటిది కల్పితదోషము: లక్ష్యమున లేని నియమమునకు విరుద్ధమగుట. తుమర్థకమును జీల్చుట, అవ్యయమును తుదిని విడుచుట, ఏకవచన "దే" యిట్టివి. వీనిని దిద్దువాఁడే దిద్దఁదగినవాఁడు. రెండవది వాడుకభేదము: రెండు నిషేధములవంటిది. ఇంటను వీటను నది సాధువే. ప్రామాణికరచనమునకు వేఱురూపము కలదని నేర్పవలయును, నిందింపరాదు. మూఁడవది సమయదోషము: "ఇట్స్" మీఁది అపాస్ట్రఫీ వంటిది. పదునేడవ, పదునెనిమిదవ శతాబ్దులలో షష్ఠీరూపమును నా గుర్తుతో వ్రాసినవారు కలరు. నేఁటి యేర్పాటు కేవల మొడంబడిక. లిన్ ట్రస్ 2003లోఁ బ్రకటించిన విరామచిహ్నగ్రంథ మిట్టి తప్పులమీఁది కోపముతో లక్షలకొలఁది ప్రతులు చెల్లినది. ఒడంబడిక పాటింపఁదగినదే కాని తప్పినవాఁడు మూర్ఖుఁడు కాఁడు. చొక్కా గుండీ యూడినదని చెవిలోఁ జెప్పినట్లు చెప్పినఁ జాలును. నాలవది యభ్యాసదోషము: భాషను నేర్చుకొనుచున్నవాఁడు ఆ భాషయం దేవర్గమువారును వాడని రూపమును వాడుట. ఇది దిద్దవలసినదే, దిద్దకున్న గురువు ఋణము తీఱదు. ఐదవది సందేహదోషము: రెండర్థముల కెడమిచ్చుట. చట్టమున, ఒడంబడికపత్రమున, మందుచీటియందు దీనిని విడుచువాఁడు పరుల ధనమును బ్రాణమును విడుచుచున్నాఁడు. దిద్దువారి శ్రద్ధ మొదటి మూఁటిమీఁదనే వ్యయమగుచు, తుది రెండింటికి మిగులకుండుటయే నేఁటి విపరీతము.

ఈ విచారము తెలుఁగువారికి దూరపుది కాదు. ఆంధ్ర తెలంగాణములయందలి బడులలో రెన్, మార్టినుల వ్యాకరణము వంటి గ్రంథములతోఁ దరతరములవా రింగ్లీషు నేర్చుకొనిరి. తెలుఁగుబాలుఁడు "డిస్కస్ అబౌట్" అనును. ఏలన, తెలుఁగున దేనినిగూర్చియైనను జర్చింతురు. "హాజ్ కమ్ యెస్టర్డే" యనును. నిన్న వచ్చియున్నాఁడనుట తెలుఁగునఁ దప్పు కాదు. "ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్" అనును. "హావ్" క్రియకు స్థితియే యర్థమైనచోట వర్తమానక్రియారూపము రాదని యెవరును జెప్పియుండరు. ఇవి యభ్యాసదోషములు, తెలుఁగుతోఁ బోల్చి హేతువు చెప్పిన నొక్కదినమునఁ బోవును. హేతువు చెప్పక నలుగురిలో నవ్వినచో బాలుఁ డా తప్పును విడువక, మాటాడుటనే విడుచును. దిద్దుబాటువలన నష్టము లేదనువారు వినఁబడని యా మౌనమును లెక్కించుట లేదు. మఱి యిట్టివానిలోఁ గొన్ని భారతీయు లందఱి వాడుకలోను స్థిరపడి దేశభేదముగాఁ బరిణమించుచున్నవి. ఇచట వాడుకలోనున్న "ప్రీపోన్" శబ్ద మాక్స్‌ఫర్డు నిఘంటువునకుఁ జేరినది. దోష మెప్పుడు దేశీయమగునో కనిపెట్టియుండుటయు వైయాకరణుని పనియే.

తెలుఁగు విషయముననే యీ వాద మొకప్పుడు తీవ్రముగా నడచినది. 1911లో నాంధ్రసాహిత్యపరిషత్తు ఏర్పడిన కాలమున జయంతి రామయ్యపంతులు గ్రాంథికపక్షమునను, గిడుగు వేంకట రామమూర్తిపంతులు వ్యావహారికపక్షమునను నిలిచిరి. రామమూర్తిపంతులు ప్రయోగించిన ప్రబలాస్త్రము గ్రాంథికము చెడ్డదనుట కాదు. గ్రాంథికమును విధించు పండితులే దానిని దప్పక వ్రాయఁజాలకున్నారని వారి గ్రంథములనుండియే యెత్తి చూపుట. పరులకుఁ జెప్పు నియమము తన కలమున నిలుచునా లేదా యని చూచుకొనుట దిద్దువానికిఁ దొలిపరీక్ష. ఆ పరీక్షయందు గ్రాంథికవాదులును, ఇంగ్లీషు వ్యాకర్తలును నొక్కటే బల్లమీఁదఁ గూర్చున్నారు.

కావున దిద్దుబాటు కావలయునా వలదా యను ప్రశ్నమే సరియైనది కాదు. దిద్దఁబోవువాఁడు మూఁటికి సమాధానము చెప్పవలయును: ఈ నియమమునకు లక్ష్య మెచ్చట? ఈ స్థానమున నిది పాటింపవలసినదా? దిద్దుటవలన దిద్దఁబడినవానికిఁ గలుగు మేలేమి? మూఁటికిని సమాధాన మున్నచో మొగమాట మక్కఱలేదు, దిద్దకుండుటయే యపరాధము. ఒక్కదానికి లేకున్నను గలము క్రింద నుంచవలయును. శబ్దశాస్త్రము శబ్దమును రక్షించుటకుఁ బుట్టినది. శబ్దము పలుకువానిని భయపెట్టుటకుఁ బుట్టలేదు.